తగులుతోందా?

"ఇంకా తిప్పమ్మా. ఫుల్‌గా."

నిధి స్టీరింగ్‌ని చివరిదాకా తిప్పింది. శ్యామ్‌సుందర్ ముందుచక్రం దగ్గర మోకాళ్లమీద కూర్చుని టార్చ్ వేసి చూశాడు. పద్దెనిమిది అంగుళాల చక్రం చూడ్డానికి దర్జాగానే ఉంది. తిప్పితే మాత్రం టైరు పోయి పైన రేకు కప్పులా ఉన్న ఫెండర్‌కి ఒరుసుకుంటోంది.

"తగులుతోందా అంకుల్?"

"తగులుతోంది."

ఈ పని ఒక్కడివల్ల కాదు. ఒకరు తిప్పాలి, ఒకరు చూడాలి. ఇరవయ్యేళ్ల కిందట, కడుపుతో ఉన్న భార్య విడాకులు తీసుకుని వెళ్లిపోయాక, డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లోని ఆ ఇంట్లో రెండో మనిషి లేడు. మైక్రోవేవ్ కూత తప్ప ఆయనకి మరో పలకరింపు లేదు.

అలాంటిది, వేసవి మొదట్లో ఈ పిల్ల డెబ్బైల నాటి పెద్ద ఇంజన్ మజిల్ కారొకటి వేసుకుని వచ్చింది.

"దీనికి ఏ సైజ్ వీల్స్, టైర్స్ ఫిట్ అవుతాయో మీకు తెలుసంట కదా అంకుల్?" అంది.

పేరు నిధి అని చెప్పింది. మంచి పేరు అని ఊరుకున్నాడు. ఊరినిండా టైర్ల షాపులుండగా తన గరాజ్‌కే ఎందుకొచ్చావని అడగలేదు. అడిగితే మళ్లీ రాదేమోనని భయం. వచ్చింది, అదే పదివేలు.

అప్పట్నుంచి ప్రతి శనివారం వస్తోంది. పాత పద్నాలుగు అంగుళాల చక్రాలు సరిపోయాయి గానీ వాటికి మంచి టైర్లు దొరకడం లేదు. పదహారువి, పదిహేడువి లోపల స్ప్రింగ్‌కి తగిలాయి. ముసలి బండికి షోకులెక్కువ. శుక్రవారమే శ్యామ్‌సుందర్ మర్నాడు ఆమెకి పెట్టే ఉప్మాకి ఉల్లిపాయలు తరిగి పెట్టుకునేవాడు. సైజు కుదిరిన రోజున ఇదంతా అయిపోతుందని ఆయనకి తెలుసు.

ఇక మిగిలింది పదిహేను అంగుళాలది. బిగించాడు. నిధి కుడికి తిప్పింది, ఎడమకి తిప్పింది. ఎక్కడా ఒరుసుకోలేదు. ఈ బండి కోసమే పోతపోసినట్టుంది.

శ్యామ్‌సుందర్ టార్చ్ ఆర్పేశాడు.

"తగులుతోందా అంకుల్?"

ముప్ఫయ్యేళ్లు కార్ల కంపెనీలో చక్రాలు డిజైన్ చేసిన మనిషి. కొలతల విషయంలో ఏనాడూ అబద్ధమాడలేదు.

"తగులుతోంది" అన్నాడు.

నిధి దిగి వచ్చింది. పక్కన కూర్చుని టైరుకీ ఫెండర్‌కీ మధ్య వేళ్లు పెట్టి చూసింది. రెండు వేళ్లు సులువుగా దూరాయి. ఆయన తల దించుకున్నాడు. ఇక ఈ పిల్ల మళ్లీ రాదు.

ఆమె చేతులు దులుపుకుని లేచింది.

"అవును, తగులుతోంది. నెక్స్ట్ సాటర్డే ఇంకో సైజ్ ట్రై చేద్దాం, నాన్నా."