వీల్ కదిలింది

ఈ లినక్స్ గేమింగ్ సిస్టం లోపల ఎవర్నీ చెయ్యి పెట్టనివ్వదు. మౌనిక రేసింగ్ వీల్ డ్రైవర్ సాఫ్ట్‌వేర్ ఎక్కించడం, అప్‌డేట్ వచ్చి దాన్ని తుడిచేయడం, ఇదే వరస. విసిగిపోయి అప్‌డేట్లే ఆపేసి, మళ్లీ ఎక్కించింది.

ఈసారి వీల్ కదిలింది.

“రా నాయినా,” అంది నీరసంగా.

సైదులు ఊతకర్ర గోడకానించి కూర్చున్నాడు. ఉన్న ఒక్క కాలి చెప్పు విడిచి, స్టీరింగ్‌ను తాకి కళ్లకద్దుకున్నాడు.

రేసు మొదలైంది. కార్లన్నీ దూసుకుపోయాయి. ఆయన మాత్రం ఎడమ పక్కన మెల్లగా పోతున్నాడు.

“జర తొక్కు నాయినా! అందరు పోతున్రు.”

“పోనీ బిడ్డా. ఎనక బియ్యం లోడున్నది. కోదాడ దాక నిమ్మలంగ పోవాలె.”

మౌనిక కుర్చీ జరుపుకొని ఆయనకు ఎడమవైపు, లారీలో క్లీనర్ కూర్చునే చోట కూర్చుంది.

“పోనియ్యి నాయినా. గీ దిక్కు ఖాళీగనే ఉన్నది.”