ఒక్కసారి చూసేదాకా

ఫోను పెట్టేసి ఆనంద్ పాల్ గోడకి చేరగిలబడిపోయాడు.

"అక్కకి మెదడులో నరం చిట్లిందట. మిషన్ మీద పెట్టారట," అన్నాడు.

పెర్సిస్ చేతిలోని చాట కింద పెట్టేసింది. ఆమె ఆడపడుచు నిర్మల చికాగోలో నర్సు. తమ్ముణ్ణి తన దగ్గరికి రప్పించుకోవాలని 1990లోనే అప్లికేషన్ పెట్టింది. పదమూడేళ్ళు ఆ కాగితం ఏ బల్లమీద నిద్రపోయిందో దేవుడికే తెలియాలి. ఇంటర్వ్యూకి చెన్నై రమ్మని మొన్ననే కబురొచ్చింది. తాడేపల్లిగూడెంలో చుట్టాలందరికీ స్వీట్లు పంచడం ఇంకా పూర్తి కానేలేదు. ఇంతలో ఈ పిడుగు.

పదోరోజున నిర్మల భర్త వరదానం ఫోన్ చేశాడు. పెర్సిస్ కూడా రిసీవరుకి చెవి ఆనించింది.

"లాభం లేదంటున్నారయ్యా డాక్టర్లు. వీపంతా పుళ్ళు పడ్డాయి. పక్కకి తిప్పితే చాలు, ముఖం చిట్లిస్తోంది. ఇలాంటి బతుకు తనకొద్దని మీ అక్క ఎప్పుడో చెప్పింది. మిషన్ తీసేద్దామనుకుంటున్నాం."

"వద్దు బావగారూ! మీ కాళ్ళు పట్టుకుంటాను. అమ్మ పోయాక నన్ను చంకనేసుకుని పెంచిందండీ. నేనొచ్చి ఒక్కసారి చూసేదాకా ఆ ఊపిరి ఉండనివ్వండి."

చివరికి అవతల్నుంచి "సరే" అని వినిపించింది.

పెర్సిస్‌కి కన్నీళ్ళు ఆగలేదు. పన్నెండేళ్ళ కాపురంలో ఆ అక్కకి నాలుగు ముక్కలు రాయమంటే "రేపు చూద్దాంలే" అనేవాడు. రాతిగుండె మనిషని ఎన్నిసార్లు తిట్టుకుందో! లోపల ఇంత ప్రేమ దాచుకున్నాడని తెలియక నోరు పారేసుకున్నందుకు చెంపలేసుకుంది.

అప్పట్నుంచీ రోజూ తెల్లవారగానే ఆనంద్ పాల్ చికాగోకి ఫోన్ చేసేవాడు. "అక్క ఉందా, బావగారూ?" అనేవాడు. అంతే. ఎలా ఉందని అడగడానికి నోరు రావడం లేదు కాబోలు పాపం, అనుకునేది పెర్సిస్.

వరదానం ఇంకో రెండుసార్లు బతిమాలాడు. రెండుసార్లూ ఆనంద్ పాల్ ఏడ్చి ఆపించాడు. ఈ సంగతి చర్చిలో తెలిసింది. తోబుట్టువంటే ఇలా ఉండాలని పాస్టరు నిత్యానందం ఆదివారం ప్రసంగంలో పేరు పెట్టి మరీ చెప్పాడు. నిర్మల కోసం గొలుసు ప్రార్థన మొదలుపెట్టారు. గంటకొకరు చొప్పున పగలూ రాత్రీ మోకాళ్ళ మీదే.

చెన్నై ఇంటర్వ్యూ అయింది. వీసా చేతికొచ్చింది.

"ముందు నేనొక్కణ్ణే వెళ్తాను. నువ్వూ పిల్లలూ తర్వాత వద్దురుగాని," అన్నాడు. పెర్సిస్ అతని పెట్టె సర్దింది. అక్క కడసారి చూపు కోసం పరిగెడుతున్న మనిషికి అడ్డు చెప్పడానికి నోరెలా వస్తుంది?

అతను చికాగోలో దిగే రోజున కలిదిండి నుంచి సారమ్మ పిన్ని పదిమంది ఆడవాళ్ళని వెంటబెట్టుకొచ్చింది. ఉపవాసంతో అందరూ చాపల మీద కూర్చుని ప్రార్థన చేస్తున్నారు. ఫోన్ మోగింది. పెర్సిస్ ఒక్క అంగలో అందుకుంది.

"ఏవండీ, వదినని చూశారా?"

"ఇంకా ఎయిర్‌పోర్టులోనే ఉన్నాను. కౌంటర్లో ఆఫీసరు ఒక్కటే అడిగాడు, స్పాన్సర్ చేసిన అక్క బతికే ఉందా అని. ఉందన్నాను. ముద్ర కొట్టేశాడు."

"దేవుడికి స్తోత్రం! మరింకా అక్కడే నిలబడ్డారేంటండీ? తొందరగా ఆసుపత్రికి వెళ్ళండి. మీకోసమే కదా వదిన ప్రాణం నిలబెట్టారు!"

"ఆసుపత్రికెందుకే, ముద్ర పడ్డాక ఇక అక్క పోయినా మన కాగితాలు పోవు, మిషన్ తీసేయమని ఇప్పుడే బావగారికి ఫోన్ చేసి చెప్పేశాను," అన్నాడు ఆనంద్ పాల్.