పూస కట్టని నెయ్యి

గజపతినగరం సంతరోజు. వరహాలశెట్టి తన కొట్లో, పైడమ్మ అమ్మకానికి తెచ్చిన నెయ్యి డబ్బా మూత తీసి బొటనవేలు ముంచాడు. నెయ్యి నూనెలా జారిపోయింది.

"ఏటే పైడమ్మా, పూసేదీ? నూనె కలిపీసినావా?"

"అయ్యో బాబూ! మంచి కొవ్వున్న పాల కోసమని పశువుల డాక్టరు ఏరికోరి తెచ్చిన ఆంబోతు సూది మా ఆవుకి ఏయించినాం. దానికి పుట్టిన పెయ్య మొన్న ఈనింది. దీని వెన్నే మెత్తన, గుండెకి మంచిదట. అందుకే నెయ్యి పేరుకోదు."

"ముప్పై ఏళ్లుగా నెయ్యి సూస్తన్న ఏలిది! నాకే సెప్తావా? తీసుకుపో!"

పైడమ్మ డబ్బా ఎత్తుకుంది.

మళ్లీ సంతకి ఇంకో డబ్బా తెచ్చింది. శెట్టి వేలు ముంచాడు. గోధుమరవ్వలా పూస! నాలిక్కి రాసుకుని కళ్లు మూసుకున్నాడు.

"నెయ్యంటే ఇదీ! ఇప్పుడు దారికొచ్చినావు."

"డాల్డా కలిపినాను బాబూ."

శెట్టి వేలు పంచెకి తుడుచుకున్నాడు. చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

"ఆ పాత డబ్బా ఉన్నాదా?"

"ఎక్కడిదీ! మీ కొట్లో నెయ్యి మీ ఇంటమ్మగారే నమ్మరు గదా, ఆ రోజే మీ పెరటికాడ కొనీసినారు. వారంనుంచీ మీ పప్పులోకి అదే. పూస లేదని ఇంట్లో మీరన్లేదేటి?"