ఒక్క ముచ్చట

“ఇది మూడోసారి పెద్దాయనా. టైం లేదని చెప్పిన గదా!”

ప్రయోగశాల గుమ్మంలో మళ్లీ ఆ ముసలాయన కనిపించేసరికి సైన్సు టీచరు విజయశ్రీకి ఒళ్లు మండింది.

“ఐదు నిమిషాలు మేడం. పిల్లలకు ఒక్క ముచ్చట చెప్పి పోత.”

“ఆమ్లాలు, క్షారాల పాఠం నడుస్తాంది. మీ ముచ్చట్లు వినుకుంట కూసుంటే పరీక్షలెవరు రాస్తరు?”

“గా పాఠం గురించే...”

ఆమె బోర్డు వైపు తిరిగిపోయింది. ఆమ్లం, క్షారం కలిస్తే లవణం, నీరు. ఒకదాని గుణాన్ని ఒకటి పోగొడుతుంది. వారం నుంచి ఈ ముక్కే చెబుతోంది. సగం మందికి ఎక్కనే లేదు. పైగా ఈయనొకడు!

వెనక గాజు పగిలింది. వెంటనే కేక.

కాస్టిక్ సోడా ద్రావణం వెనక బల్ల దగ్గరున్న విద్యార్థిని యమున కంట్లో పడింది.

“మేడం, వెనిగర్!” ఎవరో సీసా అందించారు. విజయశ్రీ గబగబా మూత తీసింది.

ముసలాయన ఒక్క అంగలో వచ్చి సీసాను నేలకేసి కొట్టాడు. యమున తలను నల్లా కిందికి వంచి, రెప్పలు విప్పి పట్టుకున్నాడు.

“ఏం చేస్తాండ్రు? ఇడువుండ్రి పిల్లను!”

“నీళ్లే పొయ్యాలె. ఇంకేం వద్దు.”

“నాకు చెప్తరా కెమిస్ట్రీ?”

ఆయన నల్లాను ఇంకా విప్పాడు. ఆటో వచ్చి హారన్ కొడుతున్నా, పిల్ల గింజుకుంటున్నా, ఇరవై నిమిషాలదాకా వదల్లేదు.

“మళ్లీ ఈ గడప తొక్కకుండ్రి!” అని అరిచి, యమునతో ఆటో ఎక్కింది విజయశ్రీ.

దవాఖానలో డాక్టరు పరీక్ష చేసి ఊపిరి పీల్చుకున్నాడు.

“కన్ను దక్కింది మేడం. అన్ని నీళ్లు పోసిందెవరో గానీ మంచిపని చేసిండు. వెనిగర్ పడి ఉంటే కన్ను ఇంకా ఖరాబయ్యేది.”

ఆమె ఉరుకులు పరుగుల మీద బడికి వచ్చింది. ఆయా భాగ్యమ్మ గాజు పెంకులు ఊడుస్తోంది.

“ఆ పెద్దాయన ఏడి?”

“ఎంకట్రాజం కాకనా? ఎప్పుడో పాయె. మీరు గట్లంటిరి, ఇగ రాడు.”

“ఎవరాయన?”

“మా వాడకట్టే. నూలుకు రంగులేసేటోడు. ఇప్పుడు పని బందుపెట్టి బడి బడికి తిరుగుతాండు.”

“ఏం చెప్పడానికి?”

భాగ్యమ్మ చీపురు ఆపింది.

“రంగుల కాడ తన బిడ్డ కండ్లల్ల సోడా పడితె, పులుపు దాన్ని ఇరుస్తదని నిమ్మకాయ పిండింది ఆయననే, మేడం.”