ఊఁ కొట్టిన పాపం

ముసలివాళ్లనైనా పనివాళ్లనైనా అడక్కుండా ఏమీ చేయకూడదని చట్టం వచ్చాక, ఆ వృద్ధాశ్రమంలో అడగడం మాట్లాడే గోడల పనయింది. వినడం మాత్రం ఎవరి పనీ కాలేదు.

"నూకాలమ్మ గారూ, మీకు మింగడం కష్టమవుతోంది. ఇకపై ముక్కులో గొట్టం వేసి ఆహారం ఇవ్వమంటారా?" అంది గోడ.

"ఊఁ" అంది నూకాలమ్మ.

"ధన్యవాదాలు. మీ సమ్మతి నమోదైంది."

జావగిన్నెతో వస్తున్న ఆయా పని చేసే పైడిరాజు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఓసి నీ గోడ కూలిపోనూ! అది ఒప్పుకోడం కాదే, ఊఁ కొట్టడం. ఎవులేటి సెప్పినా ముసిల్ది ఊఁ కొడతాది."

"ఊఁ అంటే అవునని అర్థం. సమ్మతి వెనక్కి తీసుకునే హక్కు ఆమెదే, మీది కాదు."

పైడిరాజు ఆమె చెవి దగ్గర వంగాడు. "అమ్మా, గొట్టం ఒద్దని సెప్పు."

"ఊఁ" అంది నూకాలమ్మ. ఆమె కళ్లు జావగిన్నె మీదే ఉన్నాయి.

పైడిరాజు తల గోక్కున్నాడు. "అయితే గోడమ్మా, ఎనక్కి తీసుకుంటాదా అని నువ్వే అడుగు."

గోడ అడిగింది. నూకాలమ్మ ఊఁ అంది. సమ్మతి రద్దయింది.

పైడిరాజు నవ్వుకుంటూ చెంచాతో జావ పట్టాడు. రెండు గుటకలు దిగగానే ఆమెకు ప్రాణం లేచొచ్చి, చిన్ననాటి చేపలవేట కథ ఎత్తుకుంది. అతను ఆమె మూతి తుడుస్తూ కథలో పడిపోయాడు.

"పైడిరాజు గారూ, తినిపించే పని యంత్రానికి అప్పగించి, రేపట్నుంచి మిమ్మల్ని బట్టలుతికే గదికి మార్చమంటారా?" అంది గోడ.

"అప్పుడేటయిందంటే, వల నిండా..." అంటోంది నూకాలమ్మ.

"ఊఁ" అన్నాడు పైడిరాజు.

"ధన్యవాదాలు" అంది గోడ.