మనసు విరిచినవాడు

పక్కింటావిడ తన పసిబిడ్డను ఒళ్లో పెట్టబోతే, అతని భార్య చేతులు వెనక్కి లాక్కుంది.

బిడ్డ జారింది. తల్లి ఒడిసి పట్టుకుంది కాబట్టి సరిపోయింది.

గుమ్మంలో చెప్పులు విడుస్తున్న అతనికి తల కొట్టేసినట్టయింది.

అతను సిటీ బస్సు డ్రైవరు. ఆమె బట్టల ఫ్యాక్టరీలో కాజాలు కుడుతుంది.

పెళ్లయిన నాటి నుంచి అతనికి ఒకటే ధ్యాస, పిల్లలు. ఆమెది ఒకటే మాట, వద్దు.

ఎందుకంటే భయమంటుంది. దేనికి భయమంటే నోరు విప్పదు.

అతను బతిమాలాడు, అలిగాడు, అన్నం మానేశాడు. పల్లెత్తు మాట మాత్రం అనలేదు.

పక్కింటావిడ వెళ్తూ వెళ్తూ ఒక మాట చెవిన వేసింది. ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు మీ ఆవిడ వీధి చివర పంక్చర్ షాపు ముసలాడి దగ్గర కూర్చుంటోందని, లేచేటప్పుడు కళ్లు తుడుచుకుంటోందని.

ముసలాడు ఈ మధ్యే ఎక్కడి నుంచో వచ్చాడు. ఎవరితోనూ మాట కలపడు.

వాడే దీని మనసు విరిచేస్తున్నాడని అతనికి రూఢి అయిపోయింది.

అతను వెళ్లేసరికి ముసలాడు సైకిల్ ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు చూస్తున్నాడు.

"మా ఆవిడకి ఏం నూరిపోస్తున్నావురా?"

ముసలాడు తలెత్తాడు.

"పిల్లల సంగతేగా బాబూ?"

ఆ మాటతో అతని ఒళ్లు మండిపోయింది. టైరు ఊడదీసే ఇనుప కడ్డీ చేతికి దొరికింది.

మొదటి దెబ్బను ముసలాడు గాల్లోనే పట్టుకున్నాడు. ఉక్కులాంటి పట్టు. కావాలంటే కడ్డీ లాక్కుని తిరగేసి కొట్టగలడు.

ఒక్క క్షణం అతని ముఖంలోకి చూసి, తనంతట తానే వదిలేశాడు.

తర్వాతి దెబ్బకు దవడ పగిలింది. కింద పడ్డాక పక్కటెముకలు విరిగాయి. తొట్టి బోర్లాపడి నేలంతా ఎర్రటి నీళ్లు పారాయి.

నలుగురూ వచ్చి పట్టి లాగేదాకా అతను ఆగలేదు.

భార్య పరుగెత్తుకొచ్చింది. ముసలాడి పక్కన కూలబడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది.

ఊపిరి లేదు.

"మా నాన్న లేడని మీకు చెప్పానే, ఈయనే" అంది, భర్త వైపు చూడకుండా. "మా అమ్మని కొట్టి చంపి జైలుకెళ్లొచ్చాడు."

అతని చేతిలోంచి కడ్డీ జారింది.

"నా కడుపున కూడా అలాంటివాడే పుడతాడని నేను భయపడుతుంటే, 'మీ ఆయన చెయ్యెత్తే మనిషి కాదు, ధైర్యంగా బిడ్డని కనమ్మా' అని రోజూ నన్ను బతిమాలింది ఈయనే."