అన్సెల్మ్ చెప్పని చోటు

మొదటి దెబ్బ రెమీ వీపు మీద పడింది. చేతిలోని రొట్టె ఎగిరి పొదల్లో పడింది. ముద్దు సగంలో ఆగిపోయింది.

క్లారిస్ తిరిగి చూసేలోపే కర్ర రెండోసారి లేచింది. పట్టుకున్నవాడికి డెబ్బై ఏళ్ళుంటాయి. రబ్బరు బూట్లు, బురద ప్యాంటు, ఎర్రబడ్డ కళ్ళు.

“దొంగల్లారా! దొరికారు ఇవాళ!”

“ఎవరయ్యా నువ్వు? మేమేం దొంగిలించాం?” అంటూ రెమీ ఎడమచెయ్యి అడ్డం పెట్టబోయాడు. కర్ర వచ్చి ఆ భుజం మీద పడింది. ఎముక టక్కుమంది.

రైళ్ళు ఆగిపోయాక పట్టాలు పీకేసి సైకిళ్ళకు వదిలేసిన బాట అది. పొద్దుట్నుంచీ వాళ్ళకు ఒక్క కారు ఎదురు రాలేదు, ఒక్క హారన్ వినపడలేదు. పక్కపక్కనే తొక్కుతూ, చేతులు పట్టుకుని పాటలు పాడుకుంటూ వచ్చారు. పెళ్ళయి పన్నెండు రోజులు. రొట్టె, చీజ్ తిందామని బాట దిగి చెట్లలోకి రావడమే వాళ్ళు చేసిన నేరం.

“అరవండి, ఎవడొస్తాడో చూద్దాం!” అన్నాడు ముసలాడు. “ఈ బాటలో కాకి కూడా ఉండదు. అందుకేగా సైకిళ్ళేసుకొచ్చారు! అడవి పక్కన కారు ఆపితే ఊళ్ళోవాళ్ళు టైర్లు కోస్తారు. సైకిలైతే పొదల్లో పడుకోబెట్టెయ్యొచ్చు. అబ్బో, ఏం తెలివి!”

జేబులోంచి వంకర కత్తి తీసి క్లారిస్ సైకిల్ టైర్లు రెండూ పరపరా కోసేశాడు.

“అది మా నాన్న పెళ్ళికిచ్చిన సైకిల్!” అంటూ క్లారిస్ అతని మీద పడింది. అతని మోచేయి తగిలి ఆమె పెదవి చిట్లింది. నోట్లో ఉప్పగా రక్తం. ఆ రుచికి ఆమెకూ వెర్రెక్కింది. గాలిపంపు అందుకుని ముసలాడి ముక్కు మీద బలంగా కొట్టింది. ముక్కు పగిలి రక్తం చొక్కా మీదికి కారింది. అయినా అతను ఆగలేదు. లేవబోతున్న రెమీని తన్ని పడేసి, గుండెల మీద మోకాలు వేసి, కత్తి గొంతుకు ఆనించాడు.

“సంచీ బోర్లించు పిల్లా. నా పుట్టగొడుగులు బయటపెట్టు. లేకపోతే వీడి పీక తెగుతుంది.”

క్లారిస్ సంచీ బోర్లించింది. ఒక శాలువా, మేకపాల చీజ్, పెళ్ళిలో పంచగా మిగిలిన చక్కెర బాదంపప్పులు రాలిపడ్డాయి.

“ఇంతేనా?”

“ఇంతే! ఏ పుట్టగొడుగులు?”

“సెప్ పుట్టగొడుగులు, బజార్లో బంగారం ధర పలికేవి! మొన్న వాన, నిన్న ఎండ, ఇవాళ అవి మొలిచే రోజు. వాటికోసం కాకపోతే ఇటెందుకొచ్చారు?”

“ముద్దు పెట్టుకోడానికి!” అని అరిచింది క్లారిస్.

కత్తి జారింది. ముసలాడు ఒకసారి వాళ్ళ కాళ్ళ చుట్టూ నేలంతా చూశాడు. ఆకుల మధ్య పుట్టగొడుగులు ఎవరూ కొయ్యకుండా అలాగే ఉన్నాయి. తర్వాత రక్తం కారుతున్న ముక్కుతోనే పొదల మీద బోర్లాపడి రెండు చేతులూ చాచాడు, కోడి పిల్లల్ని రెక్కల కింద దాచుకున్నట్టు.

“చూడకండి! ఇది నలభై ఏళ్ళుగా నేనొక్కణ్ణే ఎరిగిన చోటు. నా పెళ్ళాం పోయే ముందు అడిగింది, ‘ఎక్కడ అన్సెల్మ్, ఇప్పుడైనా చెప్పు’ అని. దానిక్కూడా చెప్పలేదు!”

రెమీ ఒంటి చేత్తో పోలీసులకు ఫోన్ చేశాడు.

బాట రోడ్డును కలిసే పాత రైల్వే స్టేషన్ దగ్గరికి దుపెరా అనే పోలీసు వ్యాన్‌లో వచ్చాడు. అన్సెల్మ్ కూడా వాళ్ళ వెనకే నడిచి వచ్చాడు. పారిపోవాలని అతనికి తోచనే లేదు. వాళ్ళు ఆ చోటు చెప్పేస్తారేమోనన్నదే భయం.

“ఎక్కడ కొట్టావు అన్సెల్మ్ మామా?” దుపెరా పుస్తకం తెరిచాడు.

“చర్చి ముందు.”

“మరి నీ జుట్టులో ఆ ఆకులేంటి?”

“గాలికొచ్చాయి. చర్చి ముందే, నడిబజార్లో, కత్తి చూపించి కొట్టాను. రాసుకో. లోపలెయ్యి.”

దుపెరా కలం కదల్లేదు. క్లారిస్‌ను, రెమీని పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు.

“మేడమ్, ముసలాడు అబద్ధమాడుతున్నాడు. మీరు చెప్పండి. సరిగ్గా ఎక్కడ? ఓక్ చెట్ల కిందా, చెస్ట్‌నట్ చెట్ల కిందా? నేల వాలు ఎటువైపు?”

“కేసుకు వాలెందుకండీ?” అన్నాడు రెమీ, నొప్పికి పళ్ళు బిగించి.

“కేసు గట్టిగా నిలబడొద్దూ?” దుపెరా గుటక మింగాడు. “బాట నుంచి ఎన్ని అడుగులుంటుంది?”

అన్సెల్మ్ చెవులు రిక్కించి విన్నాడు. ఒక్క మాట బయటికొస్తే చాలు, తెల్లారేసరికి ఊరు ఊరంతా అక్కడుంటుంది. అతను క్లారిస్ వైపు చూశాడు. కొట్టేటప్పుడు మండిన కళ్ళలో ఇప్పుడు నీళ్ళు.

“చర్చి ముందే సార్,” అంది క్లారిస్.

రెమీ నోరు తెరిచాడు. ఆమె అతని కాలు తొక్కింది.

“మెట్ల దగ్గర,” అని మూలిగాడు రెమీ.

అన్సెల్మ్ వచ్చి ఆమె చేతులు పట్టుకున్నాడు. “నా తల్లీ! నీ మీద చెయ్యి చేసుకున్నాను. ఈ చేతులు విరగ్గొట్టుకోవాలి,” అంటూ ఏడ్చాడు. దుపెరా విసురుగా నాలుగు ముక్కలు రాసుకుని, అతన్ని వ్యాన్‌లోకి తోసి తీసుకుపోయాడు.

వ్యాన్ మలుపు తిరగ్గానే రెమీ మండిపడ్డాడు. “నా భుజం విరగ్గొట్టాడు. పీక మీద కత్తి పెట్టాడు. అలాంటివాడి మీద నీకంత జాలేంటి క్లారిస్?”

ఆమె చిట్లిన పెదవితోనే అతని బుగ్గ మీద ముద్దు పెట్టింది.

“రేపు సాయంత్రందాకా ఆయన్ని వదలరు. నీ కుడిచెయ్యి బాగానే ఉందిగా, పద, కొట్లు మూసేలోపు రెండు పెద్ద బుట్టలు కొందాం.”